ఒక మబ్బుకు ఒక్క నోరు

నమోదు 1. జ్యేష్ఠం, మూడో రోజు

తెర దులపడానికే పొద్దున రెండు గంటలు పట్టింది. కొండ వాలంతా పరుచుకున్న గుడ్డ అది. ఒకవైపు నలుపు, రెండోవైపు తెలుపు. దుమ్ము పడితే నలుపు నలుపుగా ఉండదు, తెలుపు తెలుపుగా ఉండదు, కాబట్టి రోజూ దులపాల్సిందే. దులిపాక చక్రం తిప్పి ఒకసారి బోర్లించి, మళ్లీ వెల్లకిలా పరిచి చూశాను. అరచేతుల్లో నాలుగు బొబ్బలు లేచాయి. కడప కార్యాలయంలో పదకొండేళ్లు కుర్చీలో కూర్చున్నదానికి ఈ మాత్రం శాస్తి కావాల్సిందే.

నా పేరు రెహానా. మూడువందలవ కొండకు కాపరిని, దాంతోపాటు పలకకు పరిశీలకురాలిని. పలక అంటే మబ్బుదారి మీద, మబ్బుల్ని ఊళ్లదాకా నడిపించే ఈ కొండల వరుస మీద ఉన్న కాపరులందరూ చూసే తెరగోడ. ప్రతి కొండమీది ఇంట్లోనూ ఒకటుంటుంది. మీద నింగి బొమ్మ, అంటే పైనుంచి తీసిన మబ్బుల చిత్రం. కింద ఎవరైనా ఏదైనా రాసుకునే చోటు. రాసిన ప్రతి మాట కింద ఎంతమంది చదివారో అంకె పడుతుంది.

మొత్తం కొండలు 604. ఈ పదేళ్లలో పలకమీద ఒక్క మాటైనా రాసినవాళ్లు 33 మంది. మిగతా 571 మంది నోరు విప్పలేదు. వాళ్లు ఎందుకు రాయరో కనుక్కుని నివేదిక ఇవ్వడానికే నన్ను ఇక్కడికి పంపారు.

నమోదు 4. జ్యేష్ఠం, తొమ్మిదో రోజు

డైరెక్టర్ పురుషోత్తం గారు ఫోన్ చేశారు. ఆయన మర్యాదస్తుడు. మర్యాదగానే మనిషి గుండెలో రాయి వేస్తారు.

"చూడండి రెహానా గారూ, మోటార్లు అన్ని కొండలకూ బిగించేశాం. మీ గదిలో స్విచ్ వేస్తే చాలు, ఆ 571 తెరలూ వాటంతటవే తిరుగుతాయి. ఇక మాట్లాడనివాళ్లను అక్కడ ఎందుకు కూర్చోబెట్టాలి? ఆషాఢ పౌర్ణమి లోపల, కొండ దించేవాళ్ల జాబితా మీద మీ సంతకం కావాలి."

"వాళ్లను ఒకసారి అడుగుతాను సార్," అన్నాను.

"అడగండి. ముందు మాట్లాడించి చూడండి. నలుగురికీ పనికొచ్చేవాళ్లను ఉంచుదాం. ఊరికే చదువుకునేవాళ్లకు జీతమెందుకు?"

నిజం చెప్పాలంటే నాకూ అదే సబబు అనిపించింది. పదిమంది వండుతుంటే మూలన కూర్చుని తిని లేచిపోయేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ మంట. జాబితా తయారుచేసే పనిని నేను ఇష్టంగానే మొదలుపెట్టాను. ఈ మాట ఇక్కడ రాసి ఉంచడం న్యాయం.

నమోదు 7. జ్యేష్ఠం, పదిహేనో రోజు

నలభై మందికి ఫోన్ చేశాను. పలకమీద రాయనివాళ్లు ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడారు.

ఒకాయన, "అచ్చుతప్పులొస్తే నవ్వుతారు మేడమ్" అన్నాడు. ఒకావిడ, "నేను రాద్దామనుకునే లోపల ఎవరో ఒకరు రాసేస్తారు, ఇంగ నేనెందుకు?" అంది. ఇంకొకాయనకు ఆఫీసువాళ్లు చదువుతారని భయం. "ఒకసారి తెలిసింది చెప్తే రేపట్నుంచి అందరూ నన్నే అడుగుతారు తల్లీ, నా మ్యాకలు ఎవరు మేపాల?" అన్నాడు మరొకాయన. ఎక్కువమంది చెప్పింది మాత్రం ఒకటే. "సుంకన్న తాత చెప్తాండాడు కదా."

సుంకన్న 88వ కొండ కాపరి. ముప్పై ఏళ్లుగా మబ్బులు నడిపిస్తున్నది ఆయనే. ఏ మబ్బు వచ్చినా పలకమీద ఆయన మాటే ఉంటుంది. "నూటపది, నలుపు." "నూటపదకొండు, తెలుపు." అంతే, ఆ పొడిమాటలే. నలుపు పరిచిన కొండ ఎండకు కాగి గాలిని పైకి తోస్తుంది, మబ్బు అటు వస్తుంది. తెలుపు పరిచిన కొండ చల్లగా ఉంటుంది, మబ్బు దాన్ని తప్పుకుని పోతుంది. ముందు నలుపు, పక్కల తెలుపు పరుస్తూ పోతే మబ్బు దారి తప్పదు. నలుపు ఎక్కువైతే మాత్రం బరువెక్కి మధ్యలోనే కురిసేస్తుంది. చివరి కొండ, 604, దాని కింద ఏడు ఊళ్లున్నాయి. రెండేళ్లుగా వాళ్ల బావుల్లోకి చినుకు దిగలేదు.

సుంకన్నకూ ఫోన్ చేశాను. మీరెందుకు రాస్తారు తాతా అని అడిగాను.

"తెలిసింది కడుపులో పెట్టుకుంటే నాకు బువ్వ దిగదమ్మీ. అందుకని చెప్తా. కానీ ముప్పయ్యేండ్లలో ఒక్కడు 'సరే తాతా' అనలేదు. గోడతో మాట్లాడినట్ల ఉండాది. ఈ ఆషాఢంలో వచ్చే పెద్దమబ్బు దాటిస్తే ఇంగ చాలనుకుంటాండా."

"మీరు రాసింది ప్రతిసారీ 603 మంది చదివినట్టు అంకె పడుతోంది కదా?"

"చదివినారంటే తెరిచినారని, తెర తిప్పినారంటే జీతానికని. ఇన్నారని కాదు గదా."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ పూట పనిమీద మనసు నిలవలేదు.

నమోదు 9. జ్యేష్ఠం, ఇరవై రెండో రోజు

నేనొక తెలివైన పని చేశాను. పలకమీద రాసినవాళ్లకు మాటకో నక్షత్రం ఇస్తామని ప్రకటించాను. ఇరవై నక్షత్రాలు వచ్చినవాళ్ల పేరు జాబితాలోంచి తీసేస్తాను.

మర్నాడు పొద్దున పలక తెరిచేసరికి 411 శుభోదయాలు! మందార పువ్వు బొమ్మలు నూటపాతిక. ఒకరు "అవును" అని రాశారు. దేనికి అవునో ఎవరికీ తెలియదు. దాని కింద అరవై మంది "అవునవును" అన్నారు. 212వ కొండాయన తన కోడి పెట్టిన గుడ్లు ఎన్నో రోజూ రాస్తున్నాడు. నవ్వుకున్నాను. పోనీలే, నోరు తెరిచారు కదా అనుకున్నాను.

పురుషోత్తం గారు "భేష్" అన్నారు.

నమోదు 11. జ్యేష్ఠం, ఇరవై ఎనిమిదో రోజు

ఈ నమోదు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఉదయం చిన్నమబ్బు ఒకటి పడమటి కనుమలోంచి వచ్చింది. మేకపిల్లంత మబ్బు. పెద్దమబ్బుకు ముందు ఇలాంటివి వస్తుంటాయట. సుంకన్న అందుకుని ఎనభై కొండలు దాటించాడు. అంతలో ఎవరో నక్షత్రం కోసం "నూటరెండు నలుపు పెట్టండి" అని రాశారు. ఇంకొకరు "కాదు తెలుపు" అన్నారు. అరగంటలో ఇరవై ఆరు మంది దారి చెప్పారు. ఎవరి మాట వినాలో తెలియక సగం కొండలు నలుపు, సగం తెలుపు పరిచాయి. పదిమంది చేతిలో పాము చావదన్న సామెత ఉండనే ఉంది.

నింగి బొమ్మలో చూస్తుండగానే మబ్బు పీలికలైంది. ఏడు ముక్కలు. ఒక్కో ముక్కా రాళ్లగుట్టల మీద ఆరిపోయింది. తడిదూది ఆరినట్టు, అంతే. చుక్క పడలేదు.

సుంకన్న పలకమీద ఏమీ అనలేదు. ఫోన్ చేసి క్షమించమని అడిగితే, "నీకెవరూ చెప్పలేదా అమ్మీ?" అన్నాడు. "ఒక మబ్బుకు ఒక్క నోరు. ఎవురు మాట ఎత్తుకుంటే మబ్బు దాటేదాకా వాళ్లదే. వాళ్లు దించేదాకా ఇంకొకరు ఎత్తుకోకూడదు. మా నాయన కాలంలో ఇట్లనే ఒక మబ్బును చించి పారేసినారు. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు."

కాపరులకు పుట్టుకతో తెలిసిన ఈ మాట నా పదకొండేళ్ల ఫైళ్లలో ఎక్కడా లేదు. తెలిసినవాళ్ల చేత కూడా, జాబితా భయం పెట్టి, దాన్ని తప్పించింది నా నక్షత్రాలే. నక్షత్రాలు ఎత్తేశాను. గంటలో పలక ఖాళీ అయిపోయింది. 212వ కొండ గుడ్ల లెక్క కూడా ఆగిపోయింది.

నమోదు 12. జ్యేష్ఠం, ఇరవై తొమ్మిదో రోజు

కట్టుబాటు సంగతి డైరెక్టర్‌కు చెప్పాను. వాళ్లు సోమరులు కారు సార్, మౌనంగా ఉండటం వాళ్ల పనిలో భాగం అన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "చాలా బాగుంది. అంటే ఒక్కరు చెబుతారు, ఆరువందల మంది చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అంతే కదా?"

"అంతే సార్."

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి మోటారు చాలదా రెహానా గారూ?"

నేను వాళ్లను కాపాడబోయి మరింత లోతుకు తోశాను. కాపరుల సామాన్లు దించడానికి లారీలు కూడా మాట్లాడేశామని, పౌర్ణమికి కొండల కింద ఉంటాయని ఆయన చెప్పారు. జాబితా నా మేజామీదే ఉంది. సంతకం ఒక్కటే బాకీ.

నమోదు 15. ఆషాఢం, ఆరో రోజు

మారెక్క కొండకు వెళ్లాను. 417. తొమ్మిదేళ్ల కాపలా, రాసిన మాటలు సున్నా. చదవడంలో మాత్రం ఆమె పేరు అందరికంటే మీదుంది. ఒక్కో మాటా నాలుగుసార్లు, ఐదుసార్లు తెరిచి చూసింది. ఇదేం చాదస్తమో చూద్దామని బయల్దేరాను.

కొండంతా నల్లరాయి. చెప్పులున్నా అరికాళ్లు చుర్రుమన్నాయి. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంది, చక్రం తిప్పీ తిప్పీ ముంజేతులు మాత్రం ఇనపకడ్డీల్లా ఉన్నాయి. నన్ను చూడగానే జాబితా సంగతి అర్థమైనట్టుంది. అయినా ముందు సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టి, నేను తిన్నాకే అడిగింది.

"నన్ను దించేదానికి వచ్చినావా మేడమ్?"

"అడగడానికి వచ్చానక్కా. ఎందుకు రాయవు?"

"రాసేదానికి ఏముండాది?"

"ఇన్నిసార్లు చదువుతావు కదా. సుంకన్న తాత రాసేది రెండు మాటలు. అందులో నాలుగుసార్లు చదవడానికి ఏముంది?"

ఆమె లేచి నన్ను తెర దగ్గరికి తీసుకుపోయింది. కింద రాయి మీద చెయ్యి పెట్టమంది. పెట్టి వెంటనే తీసేశాను.

"సూసినావా? నా కొండంతా ఈ రాయే. నేను తెలుపు పరిచినా మామూలు కొండ నలుపు పరిచినంత కాగుతాది. తాత 'నాలుగువందల పదేడు, నలుపు' అంటాడు. నేను నలుపంతా పరిస్తే మబ్బు ఈడనే కూలబడతాది. అందుకని ఆయప్ప మాట చదివి, ముందు కొండకు ఏం చెప్పినాడో చదివి, ఎనక కొండకు ఏం చెప్పినాడో చదివి, ఆయప్ప మనసులో ఏముండాదో తెలుసుకుంటా. మబ్బు కొంచెం కుడికి రావాలని ఆయప్ప ఆశ. నలుపు అనేది మాట. కుడికి రావాలనేది మనసు. నేను మనసు చేస్తా."

కాలిన అరచెయ్యి ఊదుకుంటూ అడిగాను.

"ఈ సంగతి తాతకు ఒక్కసారి రాసి ఉండొచ్చు కదక్కా? నీ కొండ తీరు ఇదీ అని?"

"రాస్తే ఆయప్ప మంచోడు, ప్రతిసారీ నా కొండ కోసం ఆగి లెక్కేస్తాడు. ఆరునూర్ల కొండలుండాయి. ఒక్కో కొండకు ఒక్కో రోగం. అందరం మా రోగాలు చెప్తే ఆయప్ప తలకాయి ఏమైపోవాల? మబ్బు ఆగుతాదా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కొండ బరువు నేను మోస్తా. ఆయప్ప దారి బరువు మోస్తాడు."

కొండ దిగుతుంటే ఒక సంగతి తోచింది. ఇది మారెక్క ఒక్కదాని సంగతేనా? లేక 571 మందీ ఇలాగేనా? దారిలో నాలుగు కొండలెక్కి అడిగాను. ఒకాయన కొండకు వెనకనుంచి గాలి కొడుతుంది, అందుకని తాత చెప్పినదానికి పది నిమిషాలు ముందే తిప్పేస్తాడు. ఒకావిడ తెరలో మూడో వంతు చిరుగులే, ఎంత చిరిగిందో అంత లెక్కవేసుకుని ఎక్కువసేపు పరుస్తుంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ప్రతివాళ్లూ తామొక్కరే ఇలా దొంగతనంగా సర్దుకుంటున్నామనుకుంటున్నారు!

ఇదంతా డైరెక్టర్‌కు ఉత్తరం రాసి పంపాను. "ఆధారం ఉందా?" అని ఒక్క ముక్క వచ్చింది. ఆధారం లేదు. చెప్పని పనికి ఆధారం ఎక్కడుంటుంది?

నమోదు 18. ఆషాఢం, పదమూడో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్దమబ్బు పొద్దున ఏడింటికి కనుమ దాటింది. ఇంత మబ్బును నేను పుట్టి చూడలేదు. నింగి బొమ్మలో పదకొండు కొండలను ఒకేసారి కప్పేసింది. సుంకన్న మాట ఎత్తుకున్నాడు. "ఒకటి, నలుపు. రెండు, నలుపు. మూడు, తెలుపు." ఒక్కో మాట కింద 603.

ఎనిమిదిన్నరకు మబ్బు ఆయన కొండ మీదికి చేరింది. పిడుగు పడింది. నింగి బొమ్మలో 88 మీద తెల్లటి చుక్క ఒకటి వెలిగి ఆరింది. ఆ తర్వాత సుంకన్న మాట లేదు.

ఫోన్ చేశాను. మోగలేదు. ఆయన బతికున్నాడో లేదో తెలియదు. పలకమీద ఆఖరి మాట "తొంభైమూడు, తెలుపు." దాని కింద ఖాళీ. మబ్బు కదలడం మందగించింది.

ఎవరో ఒకరు మాట ఎత్తుకుంటారని చూశాను. ముప్పై ముగ్గురిలో సుంకన్న పోను ముప్పై ఇద్దరున్నారు కదా. ఎవరూ రాయలేదు. తాత మాట దించలేదు, దించనిదాన్ని ఎవరూ ఎత్తుకోరు. పలక అంచున ఇప్పుడు చూస్తున్నవాళ్ల అంకె ఉంటుంది. 603. అందరూ ఖాళీ పలకను చూస్తూ కూర్చున్నారు.

పురుషోత్తం గారి ఫోన్. "స్విచ్ వెయ్యండి! ఆఫీసు లెక్క నడిపిస్తుంది. ఏడు ఊళ్ల నీళ్లవి. త్వరగా!"

స్విచ్ మీద చెయ్యి వేశాను. వేశానన్నది నిజం. అంతలో నింగి బొమ్మలో 94వ కొండ నల్లబడింది.

ఎవరూ చెప్పలేదు. 94 దానంతటదే నల్లబడింది. తర్వాత 95. పక్కనున్న 96 తెల్లబడింది. మబ్బు పెద్దగా ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది.

"సార్, ఒక్క నిమిషం," అన్నాను.

"నిమిషం లేదమ్మా!"

ఫోన్ మేజామీద పెట్టేశాను. మొదటిసారి ఆయన నన్ను అమ్మా అన్నారు. భయపడ్డారని అర్థమైంది. నాకూ భయమే. కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. నూటపది నలుపు. నూటపదకొండు తెలుపు. పిలిచేవాళ్లు లేరు, ఒక్కో కొండా తన వంతు రాగానే లేస్తోంది. పలక నిండా నిశ్శబ్దం, కొండల నిండా పని. నేను నెలన్నరగా ఎవరిని సోమరులని రాస్తున్నానో వాళ్లు, నా కళ్లముందు, ఒక్క మాటైనా అనుకోకుండా ఆకాశాన్ని మోసుకుపోతున్నారు.

పన్నెండు దాటాక కిటికీలోంచి చూస్తే మబ్బు అంచు నా కొండకే వస్తోంది. మూడువందలు! నా వంతు! నలుపా తెలుపా? ఎవరిని అడగాలి? బయటికి పరిగెత్తాను. చక్రం పట్టుకున్నాను. గాలి ఎడమ చెంపకు తగులుతోంది. 298 నల్లగా ఉంది, 299 తెల్లగా ఉంది. ఇలాంటప్పుడు తాత ఏమంటాడు? నెలన్నరగా ఆయన రాసిన ప్రతి మాటా చదివాను. పని కోసం చదివాను, తప్పులు వెతకడానికి చదివాను. అయినా ఎక్కడో దిగి ఉంది. చేతులు నాకంటే ముందే చక్రాన్ని నలుపుకు తిప్పేశాయి. బొబ్బలు చిట్లి నెత్తురొచ్చింది, అది తర్వాత చూసుకున్నాను. మబ్బు నా తలమీదుగా పోయింది. మిట్టమధ్యాహ్నం చీకటి. తడిమట్టి వాసన. ఒక్క చినుకు కూడా రాలకుండా, నిండు చూలాలిలా, నిదానంగా దాటిపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

లోపలికొచ్చి చూస్తూ కూర్చున్నాను, రెండింటికి మబ్బు 417కు చేరువైంది. అక్కడ దారి వంపు తిరుగుతుంది. ఆ వంపులో సుంకన్న ఎప్పుడూ నలుపే చెబుతాడు. నింగి బొమ్మలో చూస్తే మారెక్క తెర పూర్తిగా తెల్లగా ఉంది. తప్పు చేసిందా? మబ్బు అక్కడ ఆగింది. బరువుకి కిందికి ఉబ్బింది. ఇక కురిసేస్తుందనుకున్నాను. కురవలేదు. ఆ రాతికొండ వేడికి ఒక పక్కకు ఒరిగి, నిమ్మళంగా వంపు తిరిగి, ముందుకు పోయింది. నలుపు పరిచి ఉంటే ఇంత మబ్బూ రాళ్లమీద పోయేది.

సాయంత్రం అయిదుంబావుకు చివరి కొండ నల్లబడింది. ఆ తర్వాత నింగి బొమ్మలో ఏమీ కనబడలేదు, అంతా తెల్లటి ముద్ద. పలకకు కలిపి 604 దగ్గర నేలమీద పెట్టిన మైకులోంచి ముందు చప్పుడొచ్చింది. రేకుల మీద వాన. ఆ వెనకే ఏడు ఊళ్ల జనం కేకలు.

పలకమీద ఆ రోజంతా ఎనిమిదిన్నర తర్వాత రాసినవాళ్లు, సున్నా.

నమోదు 19. ఆషాఢం, పద్నాలుగో రోజు

సుంకన్న బతికే ఉన్నాడు. పిడుగు కొండమీది స్తంభాన్ని కొట్టింది, ఆయన్ను కాదు. తీగ తెగి ఆయన పలకకూ ఫోన్‌కూ బయటితో లంకె పోయింది.

పొద్దున తీగ అతికించగానే, ఆయన నిన్న రాసి ఇంట్లోనే ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. నింగి బొమ్మ లేదు, మబ్బు ఎక్కడుందో తెలియదు. గడియారం చూసి, గాలి చూసి, ఊహించి, తన మాట ఎవరికీ చేరడం లేదని తెలిసి కూడా, చివరి కొండదాకా రాసుకుంటూ పోయాడు. 511 మాటలు.

వాటి పక్కన, నింగి బొమ్మలో నమోదైన, నిన్న కొండలు చేసిన పని పెట్టి, ఒక్కొక్కటీ పోల్చాను. 508 చోట్ల ఆయన రాసిందీ కొండ చేసిందీ ఒక్కటే. నా కొండకు కూడా నలుపనే రాశాడు. మూడు చోట్ల కొండ వేరేగా చేసింది. ఆ మూడింటిలో 417 ఒకటి. మూడు చోట్లా కొండదే ఒప్పు.

ఆ కాగితాలు పట్టుకుని ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. నూటయాభై దాకా విన్నాడు. తర్వాత ఊకొట్టడం ఆగింది. తీగ మళ్లీ తెగిందనుకున్నాను.

"తాతా?"

"ఉండానమ్మీ. ఇంతమంది ఇంటాండిరా? ముప్పయ్యేండ్లూ ఇంటానే ఉండిరా?"

"మూడు చోట్ల మీ మాట కాదన్నారు తాతా."

"నా మాట కాదంటే నా మనసు తెలిసినట్ల కదా!" ఆయన నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను, రెండూ వినపడ్డాయి. "ఎవురా మూడు కొండలూ? పేర్లు చెప్పొద్దులే. చెప్తే ఇంగ వాళ్ల కోసం ఆగతా."

అదే మాట మారెక్క నోటినుంచి విన్నానని ఆయనకు చెప్పలేదు. ఆమె చెప్పనిది చెప్పడానికి నేనెవర్ని?

జాబితా ముందేసుకుని కూర్చున్నాను. 571 పేర్లు. ఒక్కో పేరు పక్కన 'పలకకు చేసిన సాయం' అనే గడి ఉంటుంది, అన్నింటిలోనూ సున్నా నేనే వేశాను. ఒక్కొక్కటీ కొట్టేసి, ఆ కొండ నిన్న తెర తిప్పిన వేళ రాశాను. 94వ కొండ, ఎనిమిదీ నలభై. 95వ కొండ, ఎనిమిదీ నలభై రెండు. పొద్దుగూకేదాకా పట్టింది. కింద సంతకం చెయ్యలేదు. "సార్, మీరడిగిన ఆధారం. వీళ్లను దించాలంటే ముందు నన్ను దించండి" అని రాసి, సుంకన్న 511 మాటలూ జతచేసి కడపకు పంపేశాను.

నమోదు 20. ఆషాఢం, పౌర్ణమి

లారీలు వచ్చి కొండ కింద నిలబడ్డాయి. మా వాలు కింద ఆరు. డ్రైవర్లు చెట్టునీడన పడుకున్నారు. కడప నుంచి జవాబు లేదు. ఫోన్ చేస్తే డైరెక్టర్ గారు గదిలోనే ఉన్నారని, తలుపు వేసుకున్నారని చెప్పారు. నేను కూడా ట్రంకుపెట్టె సర్దుకుని గడప పక్కన పెట్టుకున్నాను. మారెక్క ఏం చేస్తోందోనని నింగి బొమ్మలో చూశాను. తెర దులుపుతోంది.

నమోదు 21. ఆషాఢం, పదిహేడో రోజు

పొద్దున లేచి చూస్తే లారీలు లేవు. ఖాళీగానే వెనక్కి వెళ్లిపోయాయట. దించమని ఉత్తర్వు రాలేదు, ఉండమని ఉత్తర్వూ రాలేదు. పురుషోత్తం గారు నా ఉత్తరానికి ఒక్క అక్షరం జవాబు రాయలేదు.

పెట్టె విప్పి బట్టలు మళ్లీ మేకుకు తగిలించాను. తెర దులిపాను. చేతులు కాస్త మానాయి.

తొమ్మిదింటికి సుంకన్న పలకమీద రాశాడు. "కనుమలో చిన్నమబ్బు. ఒకటి, నలుపు." ఎవరూ సరే అనలేదు. నేనూ అనలేదు. అలవాటుగా కింద అంకె చూశాను.

604.

పొరపాటేమోనని మళ్లీ తెరిచి చూశాను. కొండలు 604, రాసిన సుంకన్న పోను చదివేవాళ్లు 603 ఉండాలి. ముప్పై ఏళ్లుగా అంతే. పేర్ల వరుస తెరిచి చివరిదాకా వెతికాను. ఆ ఒక్కటీ కొండ కాదు. కడప కార్యాలయం, మూడో అంతస్తు, డైరెక్టర్ గది. తెల్లవారుజామునుంచి పలకముందే ఉన్నారు. అప్పటికే నాలుగుసార్లు తెరిచి చదివారు.